రాబందుల పతనము: మూడు పరిశోధన పత్రముల విమర్శ

పశువునకు వేసిన మందు రాబందును చంపినది. రాబందు పోయినందున కుక్కలు పెరిగినవి. కుక్కలు పెరిగినందున మనుష్యులు చనిపోయిరి. ఈ మూడు వాక్యముల కథ ఇప్పుడు తరగతి గదులలో తరచుగా వినబడుచున్నది. పశువైద్యమునకును పరిసరములకును గల సంబంధమును బోధించుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట కష్టము. కాని కథ చక్కగా ఉన్నంత మాత్రమున దానిలోని ప్రతి మాటకు సమానమైన ఆధారమున్నదని తలచరాదు. ఆ మూడు వాక్యములకు వెనుక ముఖ్యముగా మూడు పరిశోధన పత్రములు ఉన్నవి. మొదటిది 2004లో, రెండవది 2008లో, మూడవది 2024లో వెలువడినవి. వాని కర్తలు వేరు, పద్ధతులు వేరు, నిరూపణలోని బలము వేరు. ఏ పత్రము ఎంతవరకు నిరూపించినది, ఎక్కడ ఊహపై ఆధారపడినది అను విషయమును విడదీసి చూచుట ఉపాధ్యాయులకు అవసరము.

ముందుగా పూర్వరంగము. 1990కి పూర్వము భారతదేశములో రాబందులు సర్వసాధారణమైన పక్షులు. ఊరి వెలుపల గొడ్డు చచ్చి పడినచో, తోలు ఒలుచుకొని పోయిన తరువాత మిగిలిన కళేబరమును అవి గుంపుగా వ్రాలి, కొద్ది గంటలలో ఎముకలు మాత్రము మిగులునట్లు తినివేసెడివి. ఆవును, ఎద్దును మాంసము కొరకు వధింపని ప్రాంతములలో ఈ పని విలువ ఇంతింత కాదు. తెల్లవీపు రాబందు, పొడుగుముక్కు రాబందు, సన్నముక్కు రాబందు అను మూడు జాతులు ఈ పారిశుద్ధ్య కార్యములో ముఖ్యమైనవి.

రాజస్థానములోని భరత్‌పూర్ వద్ద గల కేవలాదేవ్ జాతీయోద్యానములో ఈ పక్షులు వేగముగా తగ్గుచున్నవని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన విభు ప్రకాశ్ గమనించి 1999లో ప్రకటించెను. తరువాత దేశమంతట జరిగిన లెక్కింపులలో మరింత భయంకరమైన సంగతి బయటపడినది. 1992లో ఉన్న తెల్లవీపు రాబందులలో 2007 నాటికి 99.9 శాతము నశించినవి. అనగా ప్రతి వేయింటికి ఒక్కటి మిగిలినది. తక్కిన రెండు జాతులలో తగ్గుదల సుమారు 97 శాతము.

కారణమేమి? ఆహారము కరవైనదా? కళేబరములకు కొరత కనబడలేదు. పురుగుమందులా? గూళ్లున్న చెట్లు నరికివేయబడుటయా? జబ్బుపడిన పక్షులు మెడ వ్రేలవైచి రోజుల తరబడి కదలక కూర్చుండుటను చూచి, అంటువ్యాధి యేదో ప్రబలినదని పలువురు శాస్త్రజ్ఞులు అనుమానించిరి. సూక్ష్మజీవి కొరకు వెదకుట సహజముగానే జరిగినది. ఈ దశలో మొదటి పత్రము వచ్చినది.

మొదటి పత్రము: విషము నిరూపించిన విధము

లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు వ్రాసిన ఈ పత్రము 2004 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో అచ్చయినది. అమెరికా దేశపు పెరెగ్రిన్ ఫండ్ అను సంస్థయు, పాకిస్తాను పక్షిశాస్త్ర సంఘమును కలిసి పంజాబు ప్రాంతములోని 16 రాబందుల స్థావరములను 2000 నుండి పరిశీలించినవి. చచ్చిన పక్షులను ఏరి, 259 కళేబరములను కోసి చూడగా 219లో ఒకే లక్షణము కనబడినది. గుండె, కాలేయము మొదలగు అవయవములపై తెల్లని సుద్ద వంటి పొర. దీనిని అంతరవయవముల గౌట్ అందురు.

దీని అర్థము తెలియుటకు పక్షుల శరీరధర్మమును స్మరింపవలెను. మానవుడు మాంసకృత్తుల మలినమును యూరియా రూపమున మూత్రములో విసర్జించును. పక్షి దానిని యూరిక్ ఆమ్లము రూపమున విసర్జించును. మూత్రపిండములు పనిచేయుట మానినచో ఈ ఆమ్లము రక్తములో హెచ్చి, నీటిలో అంతగా కరగని గుణము కలదగుటచే స్ఫటికములై అవయవములపై పేరుకొనును. కావున తెల్లని పొర వ్యాధి కాదు. మూత్రపిండములు చెడినవనుటకు సాక్ష్యము. అవి ఎందుకు చెడినవి అన్నదే ప్రశ్న.

పరిశోధకులు సూక్ష్మజీవులకొరకు వెదకిరి, కనబడలేదు. సీసము, పాదరసము వంటి లోహములకొరకు, పురుగుమందులకొరకు వెదకిరి. అవియు కారణముగా తేలలేదు. అప్పుడు వారు ప్రశ్నను మార్చిరి. రాబందు తిను ఆహారములో అధికభాగము పశువే గదా. ఆ పశువుతోపాటు రాబందు కడుపులోనికి ఏమి పోవుచున్నది? పశువైద్యులను, పశువుల మందులు అమ్మువారిని విచారింపగా డైక్లోఫెనాక్ అను నొప్పి, వాపు తగ్గించు మందు విరివిగా వాడబడుచున్నదని తెలిసినది. గౌట్‌తో చచ్చిన 25 పక్షుల మూత్రపిండములను పరీక్షింపగా 25లోను ఆ మందు అవశేషములు ఉండెను. గౌట్ లేక ఇతర కారణములచే చచ్చిన 13 పక్షులలో ఒక్కదానియందును లేవు.

ఈ రెండవ సంఖ్యయే పత్రమునకు వెన్నెముక. కథ చెప్పువారు 25కు 25 అని చెప్పి ఆగిపోవుదురు. కాని ఆ 25 మాత్రమే ఉన్నచో వాదము నిలువదు. అన్ని రాబందులలోను ఆ మందు ఉన్నదేమో, అది చావునకు కారణము కాదేమో అని ఎవరైనను అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము 13లో సున్న. పోల్చుటకు రెండవ గుంపు లేని సాక్ష్యము సగము సాక్ష్యము మాత్రమేనని విద్యార్థులకు బోధించుటకు ఈ పట్టికను మించిన పాఠము లేదు.

పత్రకర్తలు అంతటితో తృప్తిపడలేదు. కొన్ని పక్షులకు మందును నేరుగా ఇచ్చి చూచిరి. మందు వేసిన గేదెల, మేకల మాంసమును 20 పక్షులకు పెట్టగా 13 చచ్చినవి. వానిలో అదే గౌట్, అదే అవశేషము. ప్రకృతిలో చూచినది ప్రయోగములో మరల కలిగినది. అందుచేత డైక్లోఫెనాక్ రాబందును చంపునను వాక్యము అనుమానమునకు తావు లేనంత బలముగా నిలిచినది.

కాని పత్రము శీర్షిక అంతకంటె పెద్ద మాట చెప్పుచున్నది. పాకిస్తానులో రాబందుల సంఖ్య తగ్గుటకే ఆ మందు కారణమని దాని భావము. ఒక పక్షి చావునకు కారణము వేరు; ఒక జాతి క్షీణతకు కారణము వేరు. మందున్న మాంసము తిన్న రాబందు చచ్చునని ప్రయోగము చూపును గాని, పొలములలో పడియున్న కళేబరములలో ఎన్నింటియందు మందున్నదో చూపదు. ఈ వంతెనను తరువాతి వారు కట్టిరి. అదే సంవత్సరమున రిస్ గ్రీన్, ఆయన సహచరులు గణితముచే లెక్కించి, 760 కళేబరములలో ఒకటి మొదలు 130లో ఒకటి వరకు విషపూరితమైనచో చాలును, కనబడిన క్షీణత అంతయు కలుగునని చూపిరి. ఇండియా, నేపాలు దేశములలో చచ్చిన రాబందులయందును గౌట్, డైక్లోఫెనాక్ కలిసియే కనబడినవని మరియొక పత్రము తెలిపినది. 2004, 2005 సంవత్సరములలో భారతదేశమున సేకరించిన 1,848 పశు కాలేయపు ముక్కలలో సుమారు 10 శాతమున ఆ మందు ఉన్నదని 2007లో ప్రకటింపబడినది. ఆ పదింటిలో అన్నియు ప్రాణాంతకమైన మోతాదు గలవి కావు. అయినను కావలసినదానికి కొరత లేదని స్పష్టము.

ఇంత స్వల్పమైన భాగము ఇంత వినాశమును ఎట్లు కలిగించును? తరగతిలో నల్లబల్లపై వేయదగిన లెక్క ఇది. రాబందు మూడు రోజులకొకసారి తినుననుకొందము. సంవత్సరమునకు సుమారు 120 భోజనములు. 200 కళేబరములలో ఒకటి విషపూరితమై, దానిని తిన్న ప్రతి పక్షి చచ్చుననుకొన్నచో, ఒక భోజనమునుండి బ్రతికి బయటపడు అవకాశము 0.995. దీనిని 120 మారులు హెచ్చవేసినచో 0.55 వచ్చును. అనగా నూరింటిలో 45 పక్షులు ఒక్క ఏటిలో చచ్చును. రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. పిల్ల పెరిగి ఈడుకు వచ్చుటకు ఏండ్లు పట్టును. పైగా ఒక కళేబరముపై పదులకొలది వ్రాలును. లోటు తీరు దారి లేదు.

రెండవ పత్రము: హెచ్చవేతలోని చిక్కు

అనిల్ మార్కండ్య, ఆయన సహచరులు 2008లో 'ఎకలాజికల్ ఎకనామిక్స్' పత్రికలో ప్రకటించిన పత్రము రాబందు నష్టమును మానవ నష్టముగా లెక్కించుటకు పూనుకొన్నది. రాబందులు తినని మాంసమును ఊరకుక్కలు తినుచున్నవి. 1992 నుండి 2006 వరకు ఈ కారణముచే కుక్కలు కనీసము 55 లక్షలు పెరిగినవి. అందువలన సుమారు 3 కోట్ల 85 లక్షల కుక్కకాట్లు, రేబీస్ వలన 47 వేలకు పైగా మరణములు అధికముగా సంభవించినవి. మొత్తము నష్టము 3,400 కోట్ల డాలర్లు అని దాని సారాంశము.

ఈ పత్రము చేసిన మేలు గొప్పది. పక్షి ప్రేమికుల విచారముగా ఉన్న విషయమును ప్రజారోగ్య విషయముగా మార్చినది. కాని దాని నిర్మాణమును చూచినచో, అది గొలుసుకట్టు హెచ్చవేత. కుక్కల సంఖ్య పశుగణన నుండి తీసికొనబడినది. ఒక్కొక్క కుక్కకు ఎన్ని కాట్లు, నూరు కాట్లకు ఎన్ని మరణములు, ఒక్కొక్క ప్రాణమునకు ఎంత విలువ అను అంచనాలచే అది వరుసగా హెచ్చవేయబడినది. ప్రతి అంచనాలోను కొంత తప్పు ఉండుట సహజము. మూడు అంచనాలు ఒక్కొక్కటి 20 శాతము ఎక్కువైనచో ఫలితము 73 శాతము ఎక్కువగును. మూడును 20 శాతము తక్కువైనచో ఫలితము సగమునకు దిగును. కావున 47 వేలు అను సంఖ్యను శవపరీక్షలోని 25కు 25 వలె గ్రహింపరాదు. మొదటిది అంచనా, రెండవది లెక్క.

మరియొక లోపము మౌలికమైనది. కుక్కలు పెరిగినవి, రాబందులు తగ్గినవి. కాని ఒకటి రెండవదానికి కారణమని నిరూపించుటకు మొదటి పత్రములోని 13 పక్షుల వంటి పోలికగుంపు ఇక్కడ లేదు. ఆ సంవత్సరములలో పట్టణములు పెరిగినవి, చెత్తకుప్పలు పెరిగినవి, కబేళాల వ్యర్థములు పెరిగినవి. కుక్క వీనియన్నింటి మీదను బ్రతుకును. కళేబరముల వాటా ఎంత అనునది పత్రములో ఊహింపబడినది గాని విడదీసి చూపబడలేదు.

మూడవ పత్రము: పోలికను తెచ్చిన గణాంకము

ఈ లోపమును తీర్చుటకు చేసిన ప్రయత్నము ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుల పత్రము. ఇది 2024లో 'అమెరికన్ ఎకనమిక్ రివ్యూ' పత్రికలో వెలువడినది. వీరి యుక్తి తెలివైనది. డైక్లోఫెనాక్‌పై పేటెంటు హక్కు తీరి, 1994 ప్రాంతమున చవుకరకము మందులు మార్కెట్టులోనికి వచ్చి పశువులకు వాడుక ప్రబలినది. మందు చవుకగుటకును మనుష్యుల ఆరోగ్యమునకును నేరుగా సంబంధము లేదు. భారతదేశమునందలి జిల్లాలలో కొన్ని రాబందులు నివసించుటకు అనుకూలమైనవి, కొన్ని కానివి. 1994కు ముందును తరువాతను ఈ రెండు గుంపుల మరణప్రమాణములను పోల్చినచో, తేడా రాబందుల లోటువలన కలిగినదని చెప్పవచ్చును. ఫలితముగా రాబందుల జిల్లాలలో మరణములు 4 శాతమునకు పైగా పెరిగినవనియు, 2000 నుండి 2005 వరకు సుమారు 5 లక్షల అధిక మరణములు సంభవించినవనియు వారు తేల్చిరి. రేబీస్ టీకాల అమ్మకము పెరుగుట, నదీజలములు మరింత మలినమగుట అను ఉపసాక్ష్యములను కూడ చూపిరి.

ఇచ్చట 13 పక్షుల స్థానమున రాబందులు లేని జిల్లాలు నిలిచినవి. రెండవ పత్రముకంటె ఇది ఒక మెట్టు పైది. అయినను మొదటి పత్రముతో సమానము కాదు. రాబందులకు అనుకూలమైన జిల్లా అనగా అక్కడ పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించినారని కాదు. నివాస పటములను బట్టి నిర్ణయించినారు. మరణముల నమోదు అన్ని జిల్లాలలోను ఒకే తీరున జరుగలేదు. 1994 తరువాత ఈ రెండు విధముల జిల్లాలను వేర్వేరుగా ప్రభావితము చేసిన మరియొక మార్పు ఏదియు లేదని పూర్తిగా నిశ్చయించుట ఎవరి తరమును కాదు. ఆ 5 లక్షలలో ఫలానా వ్యక్తి రాబందు లేనందున మరణించెనని చూపుట అసాధ్యము. రాబందు మూత్రపిండములో మందు దొరకినట్లు మానవ శరీరములో ఏ అవశేషమును దొరకదు.

ఈ రెండు పత్రములను కలిపి చెప్పువారు చేయు పొరపాటు ఒకటి కలదు. రాబందులు లేనందున కుక్కకాటుచే 5 లక్షలమంది చనిపోయిరని కొందరు వ్రాయుచున్నారు. రెండవ పత్రము రేబీస్ మరణములను మాత్రమే లెక్కించినది. 14 ఏండ్లలో 47 వేలు. మూడవది అన్ని కారణముల మరణములను కలిపి లెక్కించినది. మలినజలము వలని వ్యాధులు కూడ అందులో చేరును. రెండును వేర్వేరు ప్రశ్నలకు సమాధానములు. ఒకదాని కారణమును మరియొకదాని సంఖ్యకు అతికించుట శాస్త్రము కాదు.

మూడు పత్రములలోను మరుగుపడినవారు

మూడింటిలోను లేని పాత్రలు రెండు. ఒకటి రైతు, రెండవది పశువైద్యుడు. కుంటుచున్న ఎద్దుకు, పొదుగువాపుతో బాధపడు గేదెకు ఒక సూదిమందుతో ఉపశమనము కలిగించుట తప్పు కాదు. డైక్లోఫెనాక్ పశువునకు మేలే చేసినది. అది పశువు శరీరమునుండి కొద్ది దినములలోనే తొలగిపోవును. కావున మందు పుచ్చుకొని కోలుకొన్న పశువు రాబందుకు అపాయకరము కాదు. మందు వేసిన కొద్ది దినములలోపల చచ్చిన పశువే విషము. చావుకు దగ్గరైన గొడ్డునకు బాధ తగ్గింపవలెనను దయయే ఆ విషమును కళేబరములో నింపినది. దోషము మనుష్యులలో కాక పరీక్షలో ఉన్నది. పశువుల మందును పరీక్షించునపుడు అది పశువునకు హానికరమా, పాలు త్రాగువానికి హానికరమా అని అడుగుట ఉన్నది. కళేబరమును తిను జీవికి హానికరమా అని ఎవరును అడుగలేదు. కథను దుష్టులు, బాధితులు అను తీరున చెప్పువారు ఈ ముఖ్యాంశమును జారవిడుచుచున్నారు.

ఈ ప్రశ్నను అడిగిన వెంటనే మార్గము దొరకినది. మెలాక్సికామ్ అను మందు పశువునకు అదే ఉపశమనము నిచ్చుననియు, రాబందుకు హాని చేయదనియు 2006లో ప్రకటితమైన పరీక్షలు తెల్పినవి. అదే ఏట భారత ప్రభుత్వము పశువులకు వాడు డైక్లోఫెనాక్ ఉత్పత్తిని ఆపుమని ఆదేశించెను. 2008లో నిషేధము మరింత గట్టిపడినది. మనుష్యుల కొరకని అమ్ము పెద్ద సీసాలు పశువులకు మరలుచుండుటచే 2015లో సీసా పరిమాణము 3 మిల్లీలీటర్లకు కుదింపబడినది. ఎసిక్లోఫెనాక్ పశువు శరీరములో డైక్లోఫెనాక్‌గా మారునని తెలిసిన తరువాత, 2023లో దానిని, కీటోప్రొఫెన్‌ను కూడ పశువులకు నిషేధించిరి. ఒక మందును తీసివేయుటతో పని ముగియదనుటకు ఈ వరుసయే నిదర్శనము.

తెలుగు దేశమునకు ఈ విషయము దూరమైనది కాదు. తెలంగాణలో బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టపై 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనుగొనబడినవి. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో తెల్లవీపు రాబందుల సంరక్షణకు, సంతానోత్పత్తికి కేంద్రము నెలకొల్పబడినది. రామాయణములోని జటాయువు లేపాక్షిలో పడెనని ఐతిహ్యము చెప్పుకొను ప్రజలకు, ఈ పక్షిని చూడని పిల్లల తరము ఒకటి పెరుగుచున్నదను వార్త సామాన్యమైనది కాదు.

ఇంత విమర్శ తరువాత విద్యార్థి ఒక ప్రశ్న అడుగవచ్చును. రెండవ, మూడవ పత్రములలో ఇన్ని సందేహములున్నచో నిషేధము తొందరపాటు కాదా? కాదు. నిషేధమునకు ఆధారము మొదటి పత్రము, దానికి తోడైన కళేబరముల పరీక్షలు. మందు చంపునని తేలినది. బదులు మందు దొరకినది. పోయిన జాతిని తిరిగి తేలేము. ఈ మూడును కలిసినపుడు చర్య తీసికొనుటకు అవి చాలును. మనుష్య మరణముల లెక్క తేలువరకు, అనగా 2024 వరకు, ఆగియున్నచో లెక్కించుటకు రాబందులు మిగిలియుండెడివి కావు. ఎంత నిరూపణ కావలెనన్నది ఏ పని చేయబోవుచున్నామన్న దానిని బట్టి ఉండును. మందును ఆపుటకు ఒక కొలత; 5 లక్షలమంది మృతులని పాఠ్యపుస్తకములో వ్రాయుటకు మరింత కఠినమైన కొలత.

కావున ఆ మూడు వాక్యముల కథను బోధింపకూడదని కాదు. మొదటి వాక్యమును నిశ్చయముగాను, రెండవదానిని జాగ్రత్తగాను, మూడవదానిని ఆధారముతో పాటు దాని పరిమితిని కూడ చెప్పియు బోధింపవలెను. 25 పక్షులలో మందు దొరకినదని చెప్పిన ఉపాధ్యాయుడు, తక్కిన 13 మాట ఏమని విద్యార్థి అడుగువరకు ఆగినచో, పాఠము సఫలమైనట్లే.